భయమును బరీక్షించిన మహనీయుడు
కందుకూరి వీరేశలింగముపంతులుగారి జీవితము

ప్రాణులన్నిటికిని భయము సహజము. ఆకు కదలినంతనే లేడి చెవులు నిక్కించును. పిల్లిని గాంచినంతనే యెలుక కలుగులో దూరును. త్రోవను బోవు బాటసారి కాలిక్రింద వంకరగా నేదియో కనబడినప్పుడు, అది పామో త్రాడో విచారింపకమునుపే కాలు వెనుకకు దీసికొనును. విచారమునకంటె ముందుగా దేహమును గాపాడు నీ స్వభావమునే సహజప్రవృత్తి యందురు. ఇది లేని ప్రాణి యొక్కదినమైనను బ్రతుకజాలదు. కావున భయమును బొత్తిగా నిందించుట తగదు. అది యీశ్వరుడు మనకొసగిన కావలివాడు.

అయితే కావలివాడే యజమానుడై కూర్చున్నయెడల నా యింటిగతి యేమగును? భయము గలిగినప్పుడు మన దేహమున గలుగు మార్పులను శాస్త్రజ్ఞులు చక్కగా బరిశోధించియున్నారు. అమెరికాదేశపు వాల్టర్ కానన్ అను పండితుడు 1915వ సంవత్సరమున దీనిగూర్చి యొక గొప్ప గ్రంథమును బ్రకటించెను. మూత్రపిండములపైనున్న చిన్నగ్రంథులనుండి అడ్రినలిన్ అను రసము రక్తములో గలియును. గుండె వడిగా గొట్టుకొనును. జీర్ణక్రియ మందగించి, రక్తము కాలిచేతుల కండరములకు బరుగెత్తును. ఇదియంతయు పారిపోవుటకో పోరాడుటకో దేహము చేసికొను సన్నాహము. మెదడులోపల బాదముగింజంత పరిమాణముగల అమిగ్డలా యను భాగము అపాయసూచనను గ్రహించి తొందరపెట్టుచుండగా, నెమ్మదిగా నాలోచించు ముందరిభాగము వెనుకబడును. పులి యెదురైనప్పుడీ యేర్పాటు మిక్కిలి మేలు. పులి లేనిచోట బులియున్నదని నమ్మినప్పుడో, యిదియే మనుష్యుని చేత జేయరాని పనులను జేయించును.

అంతకంటెను వింతయైన సంగతి యొకటి కలదు. భయము మన బుద్ధిని జంపివేయదు. దానిని దన కొలువులో బెట్టుకొనును. భయపడినవాడును ఆలోచించును, వాదించును, ప్రమాణములు చూపును. కాని యా వాదములన్నియు భయము ముందుగానే యిచ్చిన తీర్పునకు సాకులై యుండును. తర్కము న్యాయాధిపతి స్థానమునుండి దిగి, భయమునకు వకీలగును. ఈ సత్యమును దెలిసికొనుటకు మన తెలుగుదేశమున గందుకూరి వీరేశలింగముపంతులుగారి జీవితముకంటె మంచి పాఠము లేదు. ఆయన చీకటిలోని భయములను, పట్టపగటి భయములను గూడ దరిజేరి పరీక్షించినవారు.

వీరేశలింగముగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన గోదావరీతీరమందలి రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, పెదతండ్రి వెంకటరత్నముగారు పెంచి పెద్దవానిని జేసిరి. బాల్యమునుండియు నాయన దుర్బలశరీరులు. దగ్గును ఆయాసమును తరచుగా బాధించుచుండెను. ధైర్యము కండబలమునుండి పుట్టునని తలచు విద్యార్థులు దీనిని గమనింపవలెను. నాటి యాచారము ననుసరించి 1861వ సంవత్సరమున, పదుమూడవయేట, బాపమ్మయను బాలికతో వివాహమయ్యెను. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మమ్మగారని ప్రసిద్ధికెక్కిన సాధ్వి.

ఆ కాలపు గోదావరీమండలమున దయ్యముల భయము, చిల్లంగి భయము మిక్కుటము. మన ప్రాంతమున బాణామతి, చేతబడి యని చెప్పుకొనుదానినే అచ్చట చిల్లంగి యనిరి. ఇంట నెవరికైన జ్వరము తగిలినను, పసిబిడ్డ పాలు త్రాగకున్నను, పడుచు మూర్ఛపోయినను, వైద్యునికంటె ముందుగా భూతవైద్యునికి గబురు పోవుచుండెను. వాడు వేపమండలతో, విభూతితో, ఉడుకుతో వచ్చి రోగిని గొట్టియు దిట్టియు దయ్యమును బారద్రోలుదునని చెప్పుచుండెను.

ఇందులోని తర్కము నొక్కింత పరిశీలింపుడు. రోగి బ్రతికెనేని మంత్రము గొప్పది. చచ్చెనేని దయ్యము మంత్రముకంటె గొప్పది. ఏది జరిగినను దయ్యమున్నదనుటకే సాక్ష్యము దొరకును. లేదనుటకు దారియే లేదు. ఇట్టి వాదమును సంతలో బియ్యము కొనునప్పు డెవ్వడును అంగీకరింపడు. గింజ ముట్టి చూచును, తూకము సరిచూచును. అయినను అదే మనుష్యుడు తన బిడ్డ ప్రాణము సందేహములో నున్నప్పుడు ముట్టి చూడక, తూచి చూడక, అడిగినంత ధనము నిచ్చివేయును. వానికి బుద్ధి లేకపోలేదు. బుద్ధికి భయము యజమానియై యున్నది.

వీరేశలింగముగారు పాఠశాలలో జదువుకొను కాలమున బ్రహ్మసమాజనాయకులైన కేశవచంద్రసేనుగారి రచనలు వారికి లభించెను. వానిని జదివినపిమ్మట భూతప్రేతములయందును మంత్రతంత్రములయందును వారికి నమ్మకము సడలెను. అనేకులు పుస్తకము జదివి నమ్మకము మార్చుకొందురు. చీకటిపడినంతనే పాతనమ్మకమునకు మరలుదురు. పంతులుగా రట్లు చేయలేదు. దయ్యములు లేవని తాము నమ్ముటయేగాక ఇతరులకు నిరూపించుటకై యర్ధరాత్రమున శ్మశానమునకు బోవుచుండిరి. చీకటియు శ్మశానమును ఎట్టివానికైనను ఒడలు గగుర్పొడిపించును. అది దేహధర్మము. దానిని వాదముతో మాన్పలేము. కాని ఒడలు గగుర్పొడుచుట వేరు, అచ్చట దయ్యముండుట వేరు. మొదటిదానిని రెండవదానికి సాక్ష్యముగా దీసికొనుటయే లోకులు చేయు పొరపాటు. పోయి చూచి, తిరిగి యింటికి జేరి, తెల్లవారినపిదప యథాప్రకారము తమ పనులు చేసికొనుటయే పంతులుగారు చూపిన ప్రమాణము.

చదువు ముగిసినపిదప వారు కోరంగిలోను ధవళేశ్వరములోను ఉపాధ్యాయులుగా బనిచేసిరి. 1874వ సంవత్సరమున ధవళేశ్వరమున బాలికలకొఱకు పాఠశాల నెలకొల్పిరి. ఆడుపిల్లలు చదివినచో వైధవ్యము ప్రాప్తించునని జనులు నమ్ముచుండిన కాలమది. ఆ సంవత్సరముననే వివేకవర్ధని యను పత్రికను స్థాపించి, అందు మూఢాచారములనేగాక, న్యాయస్థానములలో లంచములు దినుచుండిన యుద్యోగులను సైతము తీవ్రముగా ఖండించిరి. నాటివారికి దయ్యముకంటె నెక్కుడు భయంకరుడు సర్కారు ఉద్యోగి. కోపించిన దయ్యము కనబడదు. కోపించిన యధికారియో కనబడును, దండించును. అయినను కలము వెనుదీయలేదు.

పిమ్మట రాజమహేంద్రవరమునకు వచ్చి, అచ్చటి ప్రభుత్వకళాశాలలో దెలుగుపండితులైరి. 1878వ సంవత్సరమునుండి వివేకవర్ధనిలో రాజశేఖరచరిత్రమును బ్రకటించిరి. 1880వ సంవత్సరమున నది పుస్తకరూపమున వెలువడెను. తెలుగున దొలినవలలలో నిది ప్రసిద్ధమైనది. 1887వ సంవత్సరమున నాంగ్లభాషలోనికి గూడ దర్జుమా చేయబడెను. ధవళేశ్వరమున సుఖముగా నుండిన రాజశేఖరుడను గృహస్థుడు బంగారము చేసియిచ్చెదనన్న దొంగయోగిని నమ్మి సర్వమును బోగొట్టుకొని, కుటుంబముతో దేశముపట్టి పోవుట యందలి కథ. ఆ గ్రంథమును జదివినవారికి శకునములు, జాతకములు, దయ్యములు, రసవాదము అన్నియు నొక్కతల్లిబిడ్డలవలె దోచును. ఆశయు భయమును తోబుట్టువులు. ఆశపెట్టువాడు కొంత దోచును. భయపెట్టువాడు మిగిలినదానిని దోచును.

ఇంతవరకు వర్ణించినవి చీకటిలోని భయములు. ఇక బట్టపగటి భయమునకు వత్తము. నాడు పసితనముననే పెండ్లి చేయబడి, భర్త మొగమైనను ఎరుగకమునుపే వితంతువులైన బాలికలు ఇంటింటను నుండిరి. వారికి జుట్టు తీయించి, ముదుకపంచ గట్టించి, శుభకార్యములకు దూరముగా నుంచుచుండిరి. వారి పునర్వివాహము ధర్మబద్ధమేయని 1856వ సంవత్సరముననే ప్రభుత్వము చట్టము చేసియుండెను. బంగాళమున ఈశ్వరచంద్రవిద్యాసాగరులు దానికై పాటుపడిరి. చట్టము తలుపు తెరచినను, రాజమహేంద్రవరమున నిరువదియైదు సంవత్సరములవరకు గడప దాటినవారు లేరు. కారణమేమి? శాస్త్రము తెలియకపోవుటయా? కాదు. కులమునుండి వెలివేయుదురను భయము.

పంతులుగారు 1879వ సంవత్సరమున ఈ విషయమై బహిరంగముగా నుపన్యసించి, పరాశరస్మృతి మొదలగు గ్రంథముల ప్రమాణములను జూపిరి. పండితులు సభలు చేసి వాదించిరి. అనేకులు ఏకాంతమున వచ్చి, మీరు చెప్పినది సరియే, కాని లోకమేమనును అని గొణిగిరి. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. బసవరాజు గవర్రాజుగారు మొదలైన మిత్రులు తోడునిలిచిరి. కళాశాలావిద్యార్థులు వారికి గుడిభుజమైరి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున బంతులుగారి యింట దొలి వితంతువివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పట్టణమంతయు నట్టుడికినట్లుడికెను. అల్లరి జరుగునని కావలి పెట్టవలసివచ్చెను. విద్యార్థులు ముందునిలిచి పెండ్లివారిని గాపాడిరి. నాలుగుదినముల కచ్చటనే రెండవ వివాహమును జరిగెను.

అంతట నసలుపరీక్ష యారంభమయ్యెను. శంకరాచార్యపీఠమునుండి బహిష్కారపత్రికలు వచ్చెను. పెండ్లికి వచ్చినవారు, విందు గుడిచినవారు, తాంబూలము పుచ్చుకొన్నవారు, అందరును వెలిపడినట్లే. వంటవాండ్రు పనిమానిరి. నీరు దెచ్చువారు రాకపోయిరి. పురోహితులు గడపద్రొక్కరైరి. ఆ సమయమున రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె చంకబెట్టుకొని గోదావరికి బోయి నీరు దెచ్చి, తామే వండి, యింటికి వచ్చిన కొత్తదంపతులకును అతిథులకును వడ్డించిరి. తమ బంధువులు మొగము దిప్పుకొన్నను ఆమె భర్తను విడువలేదు. పంతులుగారి ధైర్యమును బొగడువారు సగము కీర్తి యా యిల్లాలికి బంచియీయవలెను. శ్మశానమునకు రాత్రి నడచుట యొకదినపు పని. వెలిపడిన యింట వంటచేయుట ప్రతిదినపు పని.

బహిష్కారమునకు వెరచి యనేకులు ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వారిలో విద్యావంతులును గలరు. నిన్న సభలో వితంతువివాహము శాస్త్రసమ్మతమని చేయెత్తినవారు, నేడు కాలము రాలేదనియు, తల్లిదండ్రుల మనస్సు నొప్పింపరాదనియు, పెండ్లికాని చెల్లెండ్రున్నారనియు గారణములు చెప్పిరి. ఈ కారణములు పూర్తిగా నబద్ధములు కావు. చెల్లెండ్రు నిజముగనే యుండిరి. తల్లిదండ్రులు నిజముగనే దుఃఖించిరి. వెలివేయబడిన కుటుంబమునకు గలుగు కష్టము కల్పితదయ్యము గాదు. కావుననే యీ భయము శ్మశానభయముకంటె బలవత్తరమైనది. శ్మశానములో బరీక్షింపగా దయ్యము మాయమగును. సంఘభయమును బరీక్షింపగా, అది కొంతవరకు నిజమేయని తేలును. పంతులుగారట్టి నష్టమును లెక్కవేసి, ఒక పసివితంతువు జీవితమునకు ఎదురుగా దానిని దూచి, తూకము తేల్చుకొనిరి. భయము చెప్పు మాటను వినుట వివేకము. అది చెప్పిన తీర్పును విచారణలేక యొప్పుకొనుట యవివేకము.

కాలక్రమమున నెదిరింపు చల్లారెను. పంతులుగారు తమ జీవితములో సుమారు 40 వితంతువివాహములు జరిపించిరి. వితంతువులకు శరణాలయము కట్టించిరి. 1890వ సంవత్సరమున రాజమహేంద్రవరమున నెల్లరును గూడి విచారించుకొనుటకు పురమందిరము వారి పూనికచే నేర్పడెను. 1893వ సంవత్సరమున బ్రభుత్వమువారు రావుబహదూరు బిరుదము నొసగిరి. దక్షిణదేశ విద్యాసాగరులను కీర్తియు వారికి గలిగెను. 1898వ సంవత్సరమున మదరాసున జరిగిన సంఘసంస్కరణ మహాసభకు వారే యధ్యక్షులు. పిమ్మట కొన్ని సంవత్సరములు మదరాసు ప్రెసిడెన్సీకళాశాలలో బండితులుగా నుండిరి. 1906వ సంవత్సరమున హితకారిణీసమాజమును స్థాపించి, తాము కూడబెట్టిన యాస్తినంతయు దానికి ధారపోసిరి. 1910వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించుట వారికి తీరనిలోటు. తమ జీవితమును స్వీయచరిత్రమను గ్రంథముగా రచించి, కవులచరిత్రమును సంస్కరించి, 1919వ సంవత్సరము మే 27వ తేదీన మదరాసున దివంగతులైరి. కడవరకు కలము చేత నుండెను.

విద్యార్థులారా! ఇది యెన్నడో గోదావరితీరమున జరిగినది, కృష్ణానది కీవలనున్న మన కేమి పనియని తలపకుడు. మిర్యాలగూడెమునుండి హుజూరునగరమునకు బోవు త్రోవనున్న మన నేరేడుచర్ల ప్రాంతమున నేడు సాగరు ఎడమకాలువనీటితో బొలములు పచ్చగా నున్నవి. వీధులలో విద్యుద్దీపములు వెలుగుచున్నవి. చింతచెట్టుక్రింద గొరివిదయ్యమున్నదని పరుగెత్తు బాలుడు నేడరుదు. కాని దీపము వెలిగినంతనే భయము పోదు. అది రూపము మార్చుకొనును. తెలంగాణపు పల్లెలలో బాణామతి చేసితివని నెపముపెట్టి, దిక్కులేని వృద్ధులను స్త్రీలను గొట్టుట, పండ్లూడబెరుకుట, నిప్పుపెట్టుట మొదలగు ఘోరములు మన పెద్దల కాలమునను జరిగినవి. కొట్టినవారు పుట్టుదుర్మార్గులు కారు. తమ పశువు చచ్చెను, తమ బిడ్డ జబ్బుపడెను. భయమునకు గారణము దొరకలేదు. కారణమునకు బదులుగా నొక మనుష్యుడు దొరకెను.

2018వ సంవత్సరము మేమాసమున మన తెలంగాణమునందే చరవాణులలో బిల్లలనెత్తుకొనిపోవు దొంగలు వచ్చిరన్న వదంతులు వ్యాపింపగా, మూకలు త్రోవను బోవు నిరపరాధుల మీదబడి కొందరిని జంపివేసెను. పూర్వము చిల్లంగివార్త ఒక వాడనుండి మరియొక వాడకు బాకుటకు వారము పట్టుచుండెను. నేడు గడియలో వేయి గ్రామములకు బాకును. వార్త యెంత వేగముగా వచ్చునో, విచారమంత నెమ్మదిగా రావలెను. తల్లికి బిడ్డపైని భయము సహజప్రవృత్తి, దానిని దప్పుపట్టరాదు. ఆ భయమును బట్టుకొని క్రొత్తమనుష్యుని గొట్టుటకు జేయెత్తుటలోనే మనుష్యత్వము పోవుచున్నది.

మరి యేమి చేయవలెను? పంతులుగారి జీవితమునుండి మూడు మాటలు గ్రహింపవచ్చును. మొదటిది, భయము గలిగినప్పుడు నిలుచుట. గుండె కొట్టుకొనుచున్నంతసేపు తీర్పు చెప్పరాదు. రెండవది, పోయి చూచుట. దూరమునుండి కనబడు నీడ దగ్గర జేరినప్పుడు తాటిమట్టయో, మేకయో, బాటసారియో యగును. రోగియైనచో బ్రభుత్వవైద్యశాలకు దీసికొనిపోవలెను; వార్తయైనచో బెద్దలను, ఉపాధ్యాయులను, అవసరమైనచో ఠాణావారిని నడుగవలెను. మూడవది, మన భయమువలన నష్టపోవువా డెవ్వడో యాలోచించుట. మన భయమునకు మనము మాత్రమే వెలయిచ్చినయెడల నది మన దౌర్బల్యము; ఇతరులచేత వెలయిప్పించినయెడల నది పాపమగును. వితంతుబాలికలు తమ పెద్దల భయమునకు జన్మమంతయు వెలయిచ్చిరి. పంతులుగారికి సహింపరానిదిగా దోచినది అదియే.

పంతులుగారి యనారోగ్యము మనకందరికిని రాకుండుగాక. వారి విచారశీలత మాత్రము కొంచెమైనను గలుగుగాక! నేడు విధవావివాహము మాటవినినను ఎవ్వరును ఉలికిపడరు. వెలి యన్న మాట వినినను దడిసినకాలము పోయినది. మన ముత్తాతలు ప్రాణాంతకమని తలచిన భయములలో నెన్ని నేడు మనకు నవ్వుపుట్టించుచున్నవో చూడుడు. అట్లే నేడు మనలను వణకించు వానిలో నెన్ని మన మనుమలకు నవ్వు పుట్టించునో! ఈ యొక్క తలంపు మనస్సున నిలిచినను, చీకటిలో నడచునప్పుడును, గుంపులో నిలుచునప్పుడును, మన బుద్ధి దన న్యాయపీఠమును విడువదు.